సాబిరా ఖాలా ఇంట్లో ఉత్తుత్తి కువైట్

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న. చార్మినార్ ఎక్కారా? ఎక్కలేదు. దాని చుట్టూ తిరిగాను, దాని నీడలో నిలబడి చెప్పు తెగ్గొట్టుకున్నాను, ఎక్కే తీరిక మాత్రం దొరకలేదు. మ్యూజియమూ చూడలేదు, బిరియానీ తినలేదు. పాతబస్తీలో నేను చూసినవి ఒక బర్రెల కొట్టం, పరదా కట్టిన ఒక ఇల్లు, ఒక గాజుల అంగడి. ఇదో యాత్రా అంటే నేనేం చెప్పలేను కానీ, నా యాభై ఏడేళ్ళలో ఇంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదనిపించింది.

నేను వెళ్ళింది మా మేనకోడలు విజ్జి కోసం. విజ్జి నర్సు. అమలాపురంలో ఒక ఆసుపత్రిలో చేస్తోంది. కువైట్‌లో ఒక ఇంట్లో మంచాన పడ్డ పెద్దావిడని చూసుకునే పని దొరికింది. వెళ్ళాలని దానికి బలంగా ఉంది. ఆ మాట నోటితో అనలేదు. అంట్లు తోముతూ ఫోనులో అరబ్బీ పాఠాలు వింటోంటే మాకు అర్థమైంది. మా అన్నయ్య తెలివిగా భారం నా మీదకి తోసేశాడు. "నువ్వు టీచరువి, నాలుగు ఊళ్ళు చూసినదానివి. నువ్వు సరే అంటే పంపిస్తాను. వద్దంటే మానేస్తుంది" అన్నాడు.

వద్దంటే నిజంగానే మానేస్తుంది. నా దిగులంతా అక్కడే. అది పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ కాదని చెప్పగా నేను వినలేదు. కడుపు నిండిపోయిందని మొహం చెబుతూనే ఉంటుంది, పెళ్ళిలో ఎవరో బలవంతంగా వేసిన నాలుగో గారె కూడా తింటుంది. అలాంటి పిల్ల పరాయి దేశంలో, పరాయి ఇంట్లో ఒక్కత్తీ ఎలా నెగ్గుకొస్తుంది?

మా వీధి మార్తమ్మ కువైట్‌లోనే పనిచేస్తోంది. సంగతి విని ఫోన్ చేసింది. "టీచరుగారండీ, పిల్లని విమానం ఎక్కించే ముందు పాతబస్తీలో సాబిరా ఖాలా అని, ఇక్కడ చేసెళ్ళిన పెద్దావిడ, ఆవిడ దగ్గర ఒక్క పూట కూర్చోబెట్టండి. నేను కూర్చోకుండా వచ్చేసి శానా ఏడ్చానండి" అంది. సరే అన్నాను. ఉన్నమాట చెప్పాలంటే, అక్కడి కష్టాలు విని విజ్జి తనే భయపడి మానుకుంటుందని నా ఆశ.

ఫలక్‌నుమా, పాలింట్లో

సికింద్రాబాదులో దిగి లోకల్ రైలు ఎక్కాం. ఫలక్‌నుమా ఆఖరి స్టేషను. దారి పొడుగునా విజ్జి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, నేను నా హ్యాండ్‌బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని కాపలా కాస్తూ కూర్చున్నాను. విజ్జి పాస్‌పోర్టు అందులో, కళ్ళజోడు పెట్టె కింద, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. చిన్నపిల్ల, ఎక్కడ పారేసుకుంటుందో అని బయల్దేరేటప్పుడే తీసి నా దగ్గర పెట్టుకున్నాను. చిన్నపిల్లకి ఇరవై ఆరేళ్ళు.

స్టేషను బయట యాదమ్మ నిలబడి ఉంది. మాకు బస ఆవిడ ఇంట్లోనే అని మార్తమ్మ ముందే మాట్లాడి పెట్టింది. నిండైన మనిషి, ముక్కుకి పెద్ద పుడక. నా చేతిలో సంచీ నేను ఇచ్చేలోపే లాక్కుంది.

"మీరేనా టీచరమ్మ? మార్త ఫోన్ చేసింది. నడుండ్రి నడుండ్రి, ఎండల నిలవడకుండ్రి. గీ పొల్లనేనా పొయ్యేది? మస్తు బక్కగున్నదేంది!"

ఇల్లు చేరేదాకా ఇరుకు సందులే. ఒక కొట్లో ఇనప బీరువాలకి రంగు కొడుతున్నారు, పక్క కొట్లో వెల్డింగు నిప్పురవ్వలు రోడ్డు మీదకి రాలుతున్నాయి, మధ్యలోంచి బర్రెలు వాటి దారిన అవి నడిచిపోతున్నాయి. వాటిలో మూడు యాదమ్మవి. వాళ్ళది తాతల నాటి నుంచీ పాల వ్యాపారం. గిన్నెలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డవాళ్ళతో ఆవిడ ఒకరితో తెలుగు, ఒకరితో ఉర్దూ మాట్లాడుతూనే పాలు కొలిచింది. లీటరు తొంభై అంటే గుండె ఆగినంత పనైంది. మా ఊళ్ళో అరవైకే పోస్తారని గొప్పలు పోయాను. ఆ పాలతో టీ పెట్టి ఇచ్చాక మాత్రం మా ఊరి పాలవాడి మీద అనుమానం మొదలైంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, కోడిగుడ్ల కూర, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే గంటసేపు మరగాల్సిందే. ఇక్కడ పొయ్యి మీదకే ఎక్కదు. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పిసికి, పోపు పెట్టి పోసేసింది. ఇదేం పులుసమ్మా అనుకుంటూనే రెండుసార్లు పోయించుకున్నాను.

సాబిరా ఖాలా ఎలా పరిచయమని అడిగితే యాదమ్మ నవ్వింది. "సాబిరా ఆపాది మొఘల్‌పురా, నాది ఫలక్‌నుమా. ఆటోల పోతే ఎంతసేపు? ఈడ ఒక్కదినం మొఖాలు చూస్కోలే. కువైట్‌ల చెత్తడబ్బ కాడ కలిసినం."

విజ్జి కళ్ళు పెద్దవి చేసింది. యాదమ్మ వివరంగా చెప్పింది. ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళకి గడప దాటే అవకాశం చెత్త పారబోయడానికి వెళ్ళినప్పుడేనట. అందుకని వీధి చివరి చెత్తడబ్బాయే వాళ్ళ రచ్చబండ. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరింటికి ఫోన్ చేయించాలో అన్నీ అక్కడే తేలతాయి. "నేను డబ్బ మూత చేతి మీద పడేస్కొని అయ్యో అన్న. పక్కపొంటి ఆపా ఉన్నది. ఏ ఊరు బిడ్డా అన్నది. గంతే, సంచి ఆడ్నే ఇడ్సిపెట్టి పట్కొని ఏడ్సిన."

"మళ్ళీ ఎప్పుడొచ్చారు యాదక్కా?" అని అడిగింది విజ్జి.

యాదమ్మ లేచి బర్రె దూడని కాస్త జరిపి కట్టి వచ్చింది. "నా పాస్‌పోర్ట్ మేడమ్ తీస్కొని బీరువల పెట్టింది. భద్రంగ ఉంటదన్నది. నిజంగనే భద్రంగ పెట్టింది, తప్పు మాటేం లేదు. మా ఆయన సచ్చిపోయిండని కబురొచ్చిననాడు ఆమె ఊర్ల లేదు. బీరువ తాళం ఆమె తోని పోయింది. నేను మనిషిని చూడలే. అంత అయినంక వచ్చిన."

భయపెట్టే కథ కావాలనుకున్నాను కదా, వచ్చింది. విజ్జి లేచి వెళ్ళి యాదమ్మ పక్కన కూర్చుంది. భయపడిన మొహం కాదది, తన వార్డులో మనిషి పక్కన కూర్చున్నప్పటి మొహం.

మొఘల్‌పురా, తెల్లారే ఖిచిడీ

మర్నాడు పొద్దున్నే ఆటోలో మొఘల్‌పురా వెళ్ళాం. గుమ్మానికి పూల పరదా, లోపల చిన్న వాకిలి, వాకిట్లో ఆరేసిన బట్టలు, ఒక చెక్క దివాను. సాబిరా ఖాలా సన్నగా, పొట్టిగా, తెల్లటి దుపట్టాలో, చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంది. అలాంటి గొంతు మాత్రం మా హెడ్‌మాస్టరుగారికి కూడా లేదు.

"ఆయియే ఆయియే! ముందు నాష్తా. ఖాళీ పేట్ మీద నసీహత్ ఎక్కదు, ఏ మంచిమాటా ఎక్కదు."

పసుప్పచ్చటి ఖిచిడీ, పైన మాంసం ఖీమా, పక్కన నువ్వులూ చింతపండూ కలిపిన ఖట్టా, అప్పడాలు. మేం పొద్దున పెసరట్టు తినే జనం. తెల్లారకుండా మాంసమేమిటని గునిశాను. ఖట్టా కలుపుకుని తిన్నాక, మనవాళ్ళు పొద్దుటి పూట చాలా పోగొట్టుకున్నారనిపించింది.

ఖాలా ఇరవయ్యేళ్ళు కువైట్‌లో చేసి వచ్చింది. ఇప్పుడు ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఆవిడకి ఫోనులో మాటలు రికార్డు చేసి పంపుతుంటారు. ఆవిడ కూరలు తరుగుతూ వింటుంది, జవాబు చెబుతుంది. రాయబార కార్యాలయం నంబరు, ఒక్క సొంత మనిషి నంబరు ఫోనులో కాదు, తలలో ఉండాలట. విజ్జి చేత అప్పటికప్పుడు అప్పజెప్పించింది. ఎక్కాలు అప్పజెప్పించడంలో నాకు పేరుంది కానీ ఆవిడ ముందు నేను దిగదుడుపే.

ఆ తర్వాత అసలు సంగతి మొదలైంది. వెళ్ళబోయే పిల్ల ఎవరైనా సరే, ఖాలా ఇంట్లో ఒక పూట ఉత్తుత్తి నౌకరీ చేయాలి. ఆ పూటకి ఇల్లు కువైట్ అయిపోతుంది. ఖాలా ఇంటి యజమానురాలు. ఆవిడని "మామా" అనాలి. అక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తారట. మా ఇంట్లో మామంటే మీసాలుంటాయి, అందుకని విజ్జి మొదటిసారి పిలిచినప్పుడు నాకు నవ్వాగలేదు.

"టీచరమ్మా, మీరు నవ్వుతే ఎట్ల? మీరు మంచంల ఉన్న ముసలమ్మ. పండుకోండి" అంది ఖాలా.

పడుకున్నాను. గుమ్మం దగ్గర యాదమ్మ, గల్లీలోంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ప్రేక్షకులు. సిగ్గేసి కళ్ళు మూసుకున్నాను. విజ్జి నా పక్కకి వచ్చింది. "అమ్మా, ఇప్పుడు మీ చెయ్యి పట్టుకుంటున్నాను" అని చెప్పి పట్టుకుంది. "ఇప్పుడు కొంచెం పక్కకి తిప్పుతాను" అని చెప్పి తిప్పింది. నా కుడి భుజం రెండేళ్ళుగా పట్టేసి ఉంది. ఆ సంగతి దానికి చెప్పినట్టు గుర్తు లేదు. భుజం కింద ముందు అరచెయ్యి ఆనించి, ఆ తర్వాతే నన్ను కదిపింది. నొప్పి తెలియలేదు. మా ఇంట్లో గిన్నెలు కడిగే చేతులనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవి ఇంత మంచి చేతులని అలా పడుకున్నప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకునే ఉన్నాను కాబట్టి నీళ్ళు ఎవరికీ కనపడలేదు.

"షాబాష్. పని మస్తు వస్తది నీకు" అంది ఖాలా. అని, కుర్చీలో వెనక్కి వాలి, గొంతులో తేనె పోసుకుని అడిగింది. "బేటీ, నీ ఫోన్ బాగున్నది. జరా చూడనియ్యి."

విజ్జి రెండు చేతులతో ఇచ్చింది.

"నీ పాస్‌పోర్ట్? ఇంట్ల పిల్లలు అటిటు పడేస్తరు. నా బీరువల పెడ్త, దే దో."

విజ్జి నా వైపు తిరిగింది. "అత్తా, ఒకసారి లేచి ఇస్తావా?"

నేను దివాను మీద నుంచి లేచి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, కళ్ళజోడు పెట్టె తీసి, కవరు విప్పి, పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. మంచాన పడ్డ ముసలమ్మ లేచి వచ్చి మరీ ఇచ్చింది! గుమ్మం దగ్గర ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. యాదమ్మ నవ్వలేదు.

ఖాలా పాస్‌పోర్టుని ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది. "టీచరమ్మా, బురా నక్కో మానో, తప్పు పట్టకండి. ఈ పిల్లకి మొదటి మేడమ్ మీరే ఉన్నరు."

చురుక్కుమంది. పెద్దవాళ్ళు అడిగితే మొహాన లేదనకూడదని మేం నేర్పాం, తప్పా అన్నాను. నా గొంతు కాస్త లేచింది కూడా.

"తప్పు కాదమ్మా. అదబ్, మర్యాద అది, మా ఇండ్లల్ల గూడ అదే నేర్పుతం. కాని చూడు. చెడ్డోళ్ళకు లేదనుడు ఎవరికైన వస్తది. మంచోళ్ళు అడుగుతరు, నవ్వుకుంట అడుగుతరు. వాళ్ళకు లేదనుడే కష్టం."

తర్వాత గంటసేపు అదే పాఠం. సూటిగా లేదంటే లొల్లి అవుతుందట. "ఖల్లీ ఇందీ, మామా" అనాలట. నా దగ్గరే ఉండనీ అమ్మా అని అర్థం. అంటూనే, కావాలంటే ఎప్పుడైనా చూపిస్తాననాలి. అన్నిటికంటే పెద్ద కిటుకు, ఆ మాట వట్టి చేతులతో అనకూడదు. వట్టి చేతులు వాటంతటవే ముందుకి సాగుతాయట. టీ పళ్ళెమో, మడత పెట్టే దుప్పటో రెండు చేతుల్లో ఉండాలి. ఖాలా విజ్జికి పళ్ళెం ఇచ్చి, అందులో నిండు కప్పులు పెట్టి, మళ్ళీ మళ్ళీ అడిగింది. విజ్జి మొదటిసారి పళ్ళెం కింద పెట్టేసి ఇచ్చింది. రెండోసారి మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఎలాగో అనగలిగింది. చెమటలు పట్టేశాయి పిల్లకి.

వచ్చేసేటప్పుడు ఖాలా నాకు ఒక ఆకుపచ్చ గుడ్డపేలిక ఇచ్చింది. లోపల రూపాయి బిళ్ళ పెట్టి కుట్టి ఉంది. ఇమామ్ జామిన్ అంటారట. ప్రయాణమయ్యే మనిషి కుడి భుజానికి కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ బిళ్ళ ఎవరైనా పేదవాళ్ళకి ఇవ్వాలి. మేం వెంకన్నకి ముడుపు కట్టమూ, ఇదీ అంతే.

"మీ చేతితోని కట్టండి. పోగలదు అని మీ దిల్‌కి అనిపిస్తేనే కట్టండి. లేకపోతే ఊకెనే ఎవరికన్న దానం చేసెయ్యండి. పరేషాన్ లేదు" అంది ఖాలా.

లాడ్ బజార్, బిగిసిన గాజులు

సాయంత్రం యాదమ్మ మమ్మల్ని లాడ్ బజార్ తీసుకెళ్ళింది. చార్మినార్ దగ్గర నా చెప్పు తెగింది ఇప్పుడే. దాన్ని ఈడ్చుకుంటూ ఆ వీధిలో నడిచాను. రెండు పక్కలా రాళ్ళు పొదిగిన లక్క గాజులు, దీపాల కింద ఒకటే తళుకు. మా ఊరి తిరణాల కొట్లన్నీ ఒక్కచోట చేర్చినా ఇందులో ఒక మూలకి చాలవు.

ఒక కొట్లో ఆకుపచ్చ గాజుల జత చూశాను. ఎనిమిది వందలన్నాడు. మూడు వందలన్నాను. "అమ్మా, ముందు తొడుక్కుని చూడండి" అన్నాడు అంగడివాడు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి గాజు ఎక్కించాడు. ఎక్కింది. దిగలేదు. సబ్బు నీళ్ళు తెచ్చారు, యాదమ్మ లాగింది, అయినా దిగలేదు. అంగడివాడు టీ తెప్పించి తాపీగా కూర్చున్నాడు. "అబ్ బోలో అమ్మా, ఎంతిస్తరు?" అన్నాడు నవ్వుతూ. నాకూ నవ్వొచ్చింది. ఆరు వందలు ఇచ్చి రెండో గాజు కూడా తొడుక్కుని బయటపడ్డాను.

జనం తోసుకుంటున్నారు. విజ్జి పాస్‌పోర్టు ఇప్పుడు దాని నడుముకే ఉంది, మధ్యాహ్నం యాదమ్మ గుడ్డ సంచీ కుట్టి కట్టింది. ఆ గుంపు చూసి నాకు భయమేసింది. "ఏమే, ఇలా ఇవ్వు, నా బ్యాగులో పెడతాను" అన్నాను. విజ్జి మారు మాట్లాడకుండా తీసి, రెండు చేతులతో ఇచ్చింది.

యాదమ్మ చూసింది. నా బ్యాగులోంచి దాన్ని తీసి మళ్ళీ విజ్జి నడుముకి కట్టింది. "బిడ్డా, మీ అత్త మంచిదే. మా మేడమ్ గూడ మంచిదే ఉండె" అంది.

ఇంటికి వెళ్ళాక అన్నయ్య ఫోన్ చేశాడు. ఏం తేల్చావన్నాడు. రేపు చెబుతానన్నాను. నిజానికి అప్పుడే తేల్చేశాను. పని వస్తే సరిపోదు. మూడు అడుగుల దూరంలో ఉన్న అత్తకే కాదనలేని పిల్లని సముద్రం దాటించలేను. విజ్జి నా మొహం చూసి అర్థం చేసుకుంది. ఏమీ అడగలేదు. అడగదు కదా అది.

తిరుగు ప్రయాణం

మర్నాడు పగటి బండి. యాదమ్మ స్టేషనుకి వచ్చి డబ్బా నిండా పాలకోవా ఇచ్చింది. విజ్జిని గట్టిగా పట్టుకుని వదిలింది. "ఫికర్ చెయ్యకు. పొయినా పోకున్నా నాకు ఫోన్ చెయ్యి" అంది. మూడు రోజుల కిందట మొహం తెలియని మనిషి, బండి కదులుతుంటే నాకు తోబుట్టువుని వదిలి వస్తున్నట్టనిపించింది.

ఖమ్మం దాటాక టీ అబ్బాయి వచ్చాడు. విజ్జి లేచి రెండు కప్పులు తీసుకుంది. బండి ఊగుతోంది, నిండు కప్పులు, రెండు చేతులూ చాలక బ్యాలెన్సు చేసుకుంటూ సీటు వైపు వస్తోంది. నడుము సంచీ చున్నీ కిందనుంచి బయటికి వేలాడుతోంది. ఎదుటి సీట్లో వాళ్ళ చూపు దాని మీద పడుతుందేమోనని నాకు మళ్ళీ గుబులు పుట్టింది. పరీక్ష పెట్టాలని కాదు, నిజంగానే అడిగాను.

"ఒసే, అది ఊడిపోయేలా ఉంది. పాస్‌పోర్టు ఇలా ఇచ్చెయ్యి. ఇంటికెళ్ళాక తీసుకుందువుగాని."

విజ్జి ఆగింది. కప్పుల వంక చూసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"వద్దత్తా. నా దగ్గరే ఉండనీ. చూడాలంటే ఎప్పుడైనా చూపిస్తాను."

నాకు చెంప మీద కొట్టినట్టే ఉంది, అబద్ధమెందుకు. ఎత్తుకు పెంచిన పిల్ల. నోరు తెరిచాను, ఏదో అనబోయాను. అది కళ్ళు దించలేదు. దాని కప్పుల్లో టీ తొణుకుతోంది, వేళ్ళ మీద పడుతోంది. అయినా కింద పెట్టలేదు.

నేను బ్యాగు తెరిచాను. కళ్ళజోడు పెట్టె కింద ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డ ఒక్కటే ఉంది. విమానం ఎక్కే రోజున కట్టాలన్నారు కానీ, అంతవరకూ ఆగితే నా మనసు నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. లేచి నిలబడి, ఊగుతున్న బండిలో, దాని కుడి భుజానికి కట్టాను. ముడి రెండుసార్లు బిగించాను.

"అత్తా, కాలుతోంది" అంది విజ్జి ఏడుస్తూ.

అప్పుడు కప్పులు అందుకున్నాను.